సోలార్ కింద సైకిలు, లారీ కింద మనిషి

హైదరాబాద్‌లో సైకిల్ తొక్కాలంటే ముందు కారుండాలి. నవ్వకండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్ 1న అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించిన సైకిల్ ట్రాక్ చూడండి. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క. నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. మొత్తం 23 కిలోమీటర్లు. వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైన సోలార్ పలకల కప్పు, దాని మీద 16 మెగావాట్ల కరెంటు. దక్షిణ కొరియాలో ఇలాంటిది ఉందని తెలుసుకుని కట్టారు. భేష్! మరి ఊరి నడిబొడ్డున ఉన్నవాడు సైకిల్ మీద అక్కడిదాకా ఎట్లా చేరాలి? ఆ సంగతి కొరియావాళ్లు చెప్పలేదు కాబోలు. అందుకే సైకిల్ కారెక్కి వస్తుంది. దిగి ఒక రౌండు కొడుతుంది. మళ్లీ కారెక్కి ఇంటికి పోతుంది.

పొట్ట తగ్గడానికి తొక్కేవాడికి నీడ పరిచారు. పొట్ట నిండటానికి తొక్కేవాడికి ఏం పరిచారు?

మా ఎమ్మిగనూరు రాండప్పా, చూద్దురు గాని. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సొసైటీ నిలబెట్టిన ఊరిది. ఆయన పేరున్న సర్కిల్లోనే నిలబడండి. సైకిల్ వెనక మూట కట్టుకుని ఒకాయన వస్తుంటాడు. ఎడమకు జరిగితే కాలువ మీద బండ లేచి ఉంటుంది. కుడికి జరిగితే షేర్ ఆటో. నడిమధ్యన పోతే వెనకనుంచి లారీ హారను, దాంతోపాటు డ్రైవరు నోట్లోంచి వాళ్లమ్మ ప్రస్తావన. యాడ తొక్కాలప్పా ఆయన, గోడ మీదా? ఆదోనిలో పత్తి సీజన్ మొదలైతే మార్కెట్ యార్డు వైపు సైకిల్ తిప్పడానికి ధైర్యం చాలదు, మొక్కు ఉండాలి.

పోనీ, సైకిల్ దారి ఎట్లా వేయాలో మనవాళ్లకు తెలీదా? తెలుసు. బాగా తెలుసు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే దానికో పుస్తకం అచ్చేసింది. కనీసం 2 మీటర్ల వెడల్పు ఉండాలంది. 2015లో ఆ పుస్తకాన్నే దిద్ది మళ్లీ అచ్చేశారు. 2006 జాతీయ పట్టణ రవాణా విధానమైతే రోడ్డు మీద ముందు చూడాల్సింది మనుషుల్ని, బండ్లను కాదు అని తేల్చేసింది. పుస్తకాలకు ఏం కొదవ? ప్రతి ఊళ్లోనూ రోడ్డు వెడల్పు చేస్తారు. అరుగులు పడగొడతారు, చెట్లు కొడతారు. వచ్చిన జాగాలో డివైడరు, డివైడరు మీద పూలకుండీలు, జంక్షన్‌లో ఒక విగ్రహం. విగ్రహానికి దొరికే చోటు కదిలే మనిషికి ఎందుకు దొరకదు?

దేశంలో ఏటా 4,000 మందికి పైగా సైకిలు తొక్కేవాళ్లు రోడ్ల మీద చచ్చిపోతున్నారు. తప్పెవరిది? సైకిలోడిదే. అడ్డమొచ్చాడు!

ఇక గుర్తుల సంగతి. కారు గుర్తు పార్టీ సైకిల్ ట్రాక్ కట్టింది. సైకిల్ గుర్తు పార్టీ కార్ల రోడ్లు వేసింది. మధ్యలో ఫ్యాన్ వచ్చి ఐదేళ్లు తిరిగిపోయింది, మా సైకిలోడికి గాలి కూడా తగల్లేదు. 2018 ఏప్రిల్లో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్రం మీద నిరసనగా వెంకటపాలెం నుంచి అసెంబ్లీకి సైకిల్ తొక్కుతూ పోయారు. ఆ రోజు ఆయన వెనక ఏ లారీ అయినా హారను కొట్టిందా? ఏ ఆటో అయినా అడ్డంగా ఆగిందా? అమరావతి పటాల్లో సైకిల్ దారులు ఎంచక్కా గీశారు. అక్కడ దారుంది, తొక్కేవాడింకా రావాలి. ఇక్కడ తొక్కేవాడున్నాడు, దారి రావాలి. ఇద్దరూ ఎప్పుడు కలుస్తారో ఏ పంచాంగంలోనూ లేదు.

చంద్రబాబు ప్రభుత్వమే అప్పట్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు పంచింది. మంచి పనే, కాదనేవాడెవడు? పంచినరోజు వేదిక, మైకులు, దండలు, ఫొటోలు. మరుసటి రోజు ఆ పిల్ల బ్యాగు తగిలించుకుని గోనెగండ్ల రోడ్డెక్కింది. పక్కన ట్రాక్టరు, ఎదురుగా ఓవర్‌టేక్ చేస్తున్న బస్సు, కింద కంకర తేలిన రోడ్డు అంచు. ఫొటో తీసినవాళ్లలో ఒక్కరూ ఆ మలుపులో లేరు. ఆ పథకానికి పెట్టిన పేరు ‘బడికొస్తా’. ‘ఇంటికొస్తా’ అనే పథకం మాత్రం ఇంతవరకు ఏ ప్రభుత్వమూ పెట్టలేదు.