చురక: కాపురం రేటు పెరిగింది

చోడవరం అమ్మాయికి బ్రిటన్ పౌరసత్వమున్న అబ్బాయితో పెళ్లయింది. అసలు పెళ్లిచూపులు ఇప్పుడే మొదలు!

స్వయంభూ విఘ్నేశ్వరుడి సాక్షిగా పడ్డ మూడు ముళ్లు వీసాకు చాలవు. బంధం నిజమైనదేనా, రుజువేదీ అంటారు దొరలు.

వెయ్యి విస్తళ్లు లేచిన పెళ్లి సరే, ఆలుమగల చాటింగ్ చూపించాలట. అందులో ఏముంటుంది?

‘తిన్నావా?’

‘తిన్నా. నువ్వు?’

‘తిన్నా. అత్తయ్య పిలుస్తోంది, ఉంటా.’

ఇంతకన్నా నిజమైన కాపురం ఇంకెక్కడుంటుంది?

2024 ఏప్రిల్ 10 దాకా మొగుడికి ఏటా 18,600 పౌండ్ల రాబడి ఉంటే చాలు, పెళ్లాన్ని పిలిపించుకోవచ్చు. తెల్లారేసరికి అది 29,000 అయింది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు రేటెప్పుడైనా ఇలా పెరిగిందా!

పైగా అమ్మాయి పాస్‌పోర్టులో విశాఖ జిల్లా, పెళ్లి సర్టిఫికెట్లో అనకాపల్లి జిల్లా. 2022 ఏప్రిల్ 4న చోడవరం ఊరికి ఊరే జిల్లా దాటేసింది, ఏ వీసా లేకుండా! అమ్మాయి మాత్రం ఇంకా వీధి అరుగు మీదే ఉంది.

ఆడపిల్లల తండ్రులకో మనవి: జాతకాలు తర్వాత చూద్దురుగాని, ముందు అల్లుడి ఆరు నెలల పేస్లిప్పులు అడగండి.