అవ్వ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం:

"అడిగేటోడు ల్యాడు, టిక్కెట్టు ల్యాదు, నంద్యాలకు పొయ్యొస్తా."

అవతారిక: ఆళ్లగడ్డ బస్టాండులో పల్లెవెలుగు బస్సెక్కుతూ ఒక అవ్వ ఇంకో అవ్వతో పలికిన వాక్యమిది. కర్త పేరు తెలియదు. కాలం మాత్రం నిర్ణయించవచ్చు. 2025 ఆగస్టు 15కు ముందుది కాదు, ఎందుకంటే ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరిట ఆడవాళ్లకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం మొదలైంది ఆ రోజే. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని పాతకాలపు వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఈ వ్యాఖ్యాత అటువంటి సాహసం చేయడం లేదు.

ప్రతిపదార్థం: అడిగేటోడు = యాడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని ప్రశ్నించువాడు. కొడుకని ఒక మతం, కోడలని ఇంకొక మతం. పుంలింగ ప్రయోగం ఉన్నందున రెండోదానికి వ్యాకరణ విరోధమే గానీ అనుభవ విరోధం లేదు. ల్యాడు = ఉన్నాడు గానీ ఇంటికాడ ఉన్నాడు. నంద్యాలకు = కర్నూలు జిల్లాను విడదీసి 2022 ఏప్రిల్ 4న ఏర్పరచిన జిల్లాకు ముఖ్యపట్టణమై, ఆళ్లగడ్డ నుంచి సిరివెళ్ల మీదుగా సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఉన్న ఊరికి. పొయ్యొస్తా = వెళ్లి, మరల వత్తును. ఆ 'వత్తును' ముఖ్యం. ఇది సన్యాసం కాదు.

పూర్వపక్షం: టిక్కెట్టు లేదనడం అబద్ధం కదా! కండక్టరు మిషను నొక్కితే అవ్వకూ చీటీ వస్తుంది, దాని మీద సున్నా ఉంటుంది. ఆ సున్నాల లెక్కను బట్టే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టాలి. సమాధానం: కొనవలసిన టిక్కెట్టు లేదని భావం. ఇంతటితో ఈ శంక తీరింది.

రెండో శంక తీరడం కష్టం. కండక్టరు ఆధార్ కార్డు అడుగుతాడే, మరి అడిగేటోడు ల్యాడనడం ఎట్లా? నిజమే, అడుగుతాడు. కానీ 'ఈ రాష్ట్రందానివేనా' అన్నది ఒక ప్రశ్న, 'ఇప్పుడెందుకు పోవాల' అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి కార్డు చాలు. రెండోదానికి ఏ కార్డూ చాలదు. ఇక ఆ కార్డు బ్యాంకు పని ఉందని కొడుకు జేబులో పెట్టుకుపోయిన రోజున ఈ వాక్యమే పుట్టదు, మాకు ఈ శ్రమా ఉండదు.

'అడిగేటోడు ల్యాడు' అన్న మాట పలికేవాళ్లను బట్టి తలకిందులవుతుంది. అవ్వ పలికితే స్వేచ్ఛ, ప్రభుత్వం పలికితే ఎమర్జెన్సీ. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో మనిషిని నిర్బంధిస్తే ఏ కోర్టుకూ పోయి అడిగే వీల్లేదని చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తుల్లో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే కాదన్నాడు. మరుసటి ఏడాది మార్చి ఎన్నికల్లో ఉత్తరాది ఓటర్లు గట్టిగా అడిగారు. ఆంధ్రప్రదేశ్ అడగలేదు, 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచాడు, అదే ఏడాది జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యాడు. నంద్యాల గెలుపులో ఆయన పెద్దరికం ఎంత, ఎమర్జెన్సీ మీద కోపం ఎంత అని పాళ్లు తీయడం కష్టం. అయినా అవ్వ నంద్యాలకే పోతాననడంలో ధ్వని ఉందని ఈ వ్యాఖ్యాత పట్టుబడతాడు. అన్నట్టు, ఆ 1976 తీర్పు తప్పని సుప్రీంకోర్టే 2017 ఆగస్టు 24న గోప్యత కేసులో చెప్పింది. పాత తీర్పిచ్చినవారిలో వై.వి. చంద్రచూడ్ ఒకరు, అది తప్పని రాసినవాడు ఆయన కొడుకు డి.వై. చంద్రచూడ్. కొడుకులు పెద్దల మాట కొట్టేసిన పనుల్లో మంచిది ఇదొక్కటేనని అవ్వల పక్షం.

మూడో శంక: అవ్వకు నెలనెలా ఒకటో తేదీన 4 వేల పింఛను ఇంటికే వస్తుంది. టిక్కెట్టు కొనుక్కోలేదా? ఇది లెక్కలు తెలిసి ఇళ్లు తెలియనివారి ప్రశ్న. ఒకటో తేదీన అవ్వ చేతికొచ్చింది రెండో తేదీకి ఇంటి చేతికి పోతుంది. తర్వాత అందులోంచి వంద కావాలంటే అడగాలి, అడిగితే ఎందుకో చెప్పాలి. ఉచిత బస్సు అవ్వకు మిగిల్చింది చార్జీ కాదు, ఆ సంజాయిషీ.

దీనికి ఈ గడ్డ మీదే దృష్టాంతం ఉంది. పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి ఈస్టిండియా కుంపిణీ ఆయన వంశపు అధికారం తీసేసుకుని, నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీ, అంటే భరణం, మిగిల్చింది. దానికోసం కోయిలకుంట్ల ఖజానా ముందు మనిషిని నిలబెట్టాలి. 1846 జులైలో ఆయన ఆ ఖజానానే కొల్లగొట్టాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే ఉరి తీశారు, తలను 1877 దాకా వేలాడదీశారు. ఆ మొత్తం చాలక తిరగబడ్డాడనేవారున్నారు. అడుక్కునేట్టు చేసినందుకని మా పక్షం. 11 రూపాయల తగాదాకు 30 ఏళ్లు తల వేలాడదీసేంత భయం పుట్టదు. అవ్వను ఆయన పక్కన నిలబెట్టడం అతిశయోక్తి. అలంకారశాస్త్రం దానికి అనుమతిస్తుంది.

ఇతర వ్యాఖ్యలు: 1958లో ఆక్స్‌ఫర్డ్‌లో తత్వవేత్త ఇసయ్యా బెర్లిన్ స్వేచ్ఛ రెండు రకాలని ఉపన్యసించాడు: ఎవరూ అడ్డురాకపోవడం ఒకటి, తన నడక తానే నిర్ణయించుకోవడం ఒకటి. అవ్వ వాక్యంలో మొదటి ముక్క మొదటి రకం, చివరి ముక్క రెండో రకం. మధ్యనున్న టిక్కెట్టు సంగతి బెర్లిన్‌కు తట్టినా దాన్ని స్వేచ్ఛ లెక్కలో వేయలేదు, డబ్బు లేకపోవడం వేరని పక్కన పెట్టాడు. ఆయన పల్లెవెలుగు ఎక్కలేదు. పూర్తి చార్జీ ఇచ్చి సిరివెళ్ల దాకా నిలబడి పోయే మగవాళ్లు, మా స్వేచ్ఛ సంగతేందని ఇదే వాక్యానికి ఎదురు వ్యాఖ్య చెప్తారు. సీటు పక్షంలో వాళ్లదీ న్యాయమే. ఆటోవాళ్ల వ్యాఖ్య ఇంకా చేదు: అవ్వ స్వేచ్ఛ వాళ్ల బేరం. 2025 అక్టోబరులో ప్రభుత్వం తలా 15 వేలు ఇచ్చింది గానీ, పోయిన బేరం నెలనెలా పోతుంది. ఆళ్లగడ్డ శిల్పులకు దేవుడి విగ్రహంలో కొలతలు శాస్త్రానివి, స్వేచ్ఛ నగల చెక్కడంలోనే. నంద్యాల కోచింగ్ హాస్టలు పిల్లవాడికైతే ఆదివారం ఫోన్ చేతికిచ్చే గంటే స్వరాజ్యం.

తాత్పర్యం: అవ్వ నంద్యాలకు పోయింది. ఏం పనో చెప్పలేదు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో "కొడుక్కు చెప్పి నంద్యాలకు పొయ్యొస్తా" అని కనిపిస్తుంది. విచారించగా ఆ ప్రతులన్నీ కొడుకు ఇంట్లోనే దొరికాయి. 'కొడుక్కు చెప్పి' ప్రక్షిప్తమని మా నిర్ణయం. పరిష్కర్తలు తొలగించవలెను.