ఏడు కిలోల మూట

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా పోతే మూడున్నర గంటలు. మా బామ్మర్ది నన్ను 22 గంటల్లో తీసుకుపోయాడు. దీన్ని బడ్జెట్ ట్రావెల్ అంటారట.

వాడిది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దిక్కు, నాది పాలమూరులో జడ్చర్ల పక్క. ఎటైనా పోదాం రా అని ఒక పెళ్ళిలో నోరు జారినందుకు నెల రోజులు ఫోన్‌లో టికెట్ల ధరలు కాపలా కాసి, ఒకరోజు అర్ధరాత్రి నిద్ర లేపాడు.

"బావా, కౌలాలంపూర్ మీదికెళ్ళి పోతే మనిషికి 3,000 మిగుల్తయి."

పటంలో చూస్తే కౌలాలంపూర్ బ్యాంకాక్‌కు దక్షిణాన సుమారు 1,200 కిలోమీటర్లు. అంటే నల్లగొండోడు హైదరాబాద్ పోవడానికి ముందు మిర్యాలగూడ పోయి, దిగి, ఇంకో టికెట్ మీద మళ్ళీ వెనక్కి రావడమన్నమాట.

"గంత దూరం తిప్పెటోడు తక్కువెందుకు తీసుకుంటడురా?"

"నీకు ఎకనామిక్స్ తెల్వదు బావా." వాడు డిగ్రీలో చదివింది బీజెడ్సీ.

ఆ రాత్రి నుంచి వాడు గుంపు మేస్త్రీ, నేను లేబర్. నా చిన్నప్పుడు కూలీలను తీసుకుపోవడానికి మా ఊరికొచ్చే మేస్త్రీ కూడా ఇట్లాగే ఏ ఊరు, ఏ బస్సు, ఎన్ని నెలలు అన్నీ తానే చెప్పేవాడు. కాకపోతే అప్పుడు అడ్వాన్సు మేస్త్రీ ఇచ్చేవాడు. ఇప్పుడు లేబరే మేస్త్రీకి గూగుల్ పే చేశాడు.

చేతి సంచి 7 కిలోలు దాటొద్దని షరతు. ఊళ్ళో ఎరువుల దుకాణం కాంటా మీద పెట్టి చూసుకున్నా, సరిగ్గా 7. సాయంత్రం 5కు ఇల్లు వదిలితే బస్సు శంషాబాద్‌లో రోడ్డు మీద దింపింది. ఆ విమానాశ్రయం 2008 మార్చిలో తెరిచినప్పటి నుంచి మా పాలమూరోళ్ళం రోజూ దాని పక్క నుంచే హైదరాబాద్ పోయి వస్తున్నాం, విమానాలు మాత్రం మమ్మల్ని పైనుంచే చూసి పోతున్నాయి. మా దేవరకద్ర దిక్కు గుడిబండ కాడ కూడా ఒకటి కట్టాలని సర్వేలైతే జరిగాయి. అది వస్తే ఇంటి పక్క నుంచే చుట్టు తిరిగి పోవచ్చు.

ఇబ్రహీంపట్నం మీదుగా బామ్మర్ది కూడా వచ్చి కలిశాడు. కౌంటర్ దగ్గర నా సంచి 8.9 చూపించింది.

వాడికి కోపమొచ్చింది. మూడు తరాలుగా వడ్లు అమ్ముకునే ఇల్లు వాళ్ళది. "మేడం, మిల్లు కాడ క్వింటాలుకు ఇన్ని కిలోలని తరుగు తీస్తరు. మీరు జర తరుగు తియ్యరా?" అన్నాడు. ఆ పిల్లకు తరుగంటే ఏమిటో తెలియదు. అమ్మేటప్పుడు తరిగి, ఎక్కేటప్పుడు పెరిగే కాంటాల మధ్య రైతు ఎట్లా బతుకుతున్నాడో ఆమెకు చెప్పేంత టైము మాకూ లేదు. రెండు చొక్కాలు తీసి ఉన్న చొక్కా మీదే వేసుకున్నా. మామిడికాయ తొక్కు సీసా చెత్తబుట్టలో పడింది. అయినా ఆగని గ్రాములకు 2,600 కట్టాం.

తర్వాత తనిఖీ. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలు కూల్చే కుట్ర బయటపడ్డప్పటి నుంచి 100 మిల్లీలీటర్లకు మించిన సీసాలో నీళ్ళు కూడా అనుమానితులే. బామ్మర్ది చేతిలో లీటరు సీసా ఉంది. పారబొయ్యమన్నారు. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. మంచినీళ్ళు లేకపోవడం వల్ల ప్రపంచానికి పరిచయమైన జిల్లా వాడిది. మంచినీళ్ళు పారబోస్తాడా? అక్కడే నిలబడి లీటరూ తాగేశాడు. దాని ఫలితం గాల్లో తెలిసింది. డబ్బు కట్టి ఎంచుకోలేదు కాబట్టి మా ఇద్దరినీ చెరో మూలకు విసిరారు. వాడు 27వ వరుసలో కిటికీ పక్క, వాడికీ దారికీ మధ్య గురకపెడుతూ ఇద్దరు పెద్దమనుషులు. నాలుగు గంటలు వాడు బంగాళాఖాతాన్ని ఒక్కసారి కూడా చూడలేదట, కళ్ళు మూసుకుని దేవుళ్ళను తలుచుకున్నాడట.

చవక విమానం మనకు కొత్తేం కాదు. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టి ఒక్క రూపాయికీ టికెట్ అమ్మాడు. ఆ కథే 'ఆకాశం నీ హద్దురా' సినిమాకు ఆధారం. 2017లో ఉడాన్ పథకం విమానాలు మొదలైతే హవాయి చెప్పులోళ్ళు కూడా విమానమెక్కాలన్నారు. ఎక్కారు. చెప్పులకు ఇంకా బరువు కట్టడం లేదు, సంతోషం.

పొద్దున 7 దాటాక కౌలాలంపూర్. రెండు టికెట్లు వేర్వేరు కాబట్టి దేశంలోకి దిగి మళ్ళీ ఎక్కాలి. 2023 డిసెంబర్ నుంచి మలేషియా మనకు వీసా తీసేసింది గనుక మేస్త్రీ పథకం పారింది. అధికారి అడిగాడు, ఎన్ని రోజులుంటారని. ఎనిమిది గంటలన్నాం. ఏం చూస్తారన్నాడు. ఎయిర్‌పోర్టు అన్నాం. మమ్మల్నిద్దరినీ ఓసారి, నా మూడు చొక్కాలను ఓసారి చూసి ముద్ర కొట్టాడు.

అది చవక విమానాల కోసమే కట్టి 2014లో తెరిచిన టెర్మినల్. దాన్ని ఆనుకుని పెద్ద మాల్. ప్రయాణం చవక గనుక మిగిలిన డబ్బు ఇక్కడ ఖర్చుపెట్టాలని ఏర్పాటు. మేం ఒక మూలన గోడకు ఆనుకుని జొన్నరొట్టెల మూట విప్పాం. చుట్టూ చూస్తే అంతా మా జాతే. సంచి తల కింద పెట్టుకుని ఒకడు, అట్టపెట్టె పరుచుకుని ఒకతి, సంచి పట్టీని కాలికి చుట్టుకుని మూడోవాడు. ఆ మూడోవాడు ఫోన్ ఎత్తి పట్టుకుని తన నిద్రను తానే వీడియో తీసుకుంటున్నాడు.

మా అవ్వ పడుచుతనంలో బొంబాయికి మట్టిపనికి పోయినప్పుడు స్టేషన్‌లో సరిగ్గా ఇట్లాగే పడుకునేదట. తల కింద మూట, మూటలో ఎండిన రొట్టెలు, కాలికి పైట కొంగుతో కట్టిన పిల్లాడు. నాగార్జునసాగర్ మొదలుకొని ఎక్కడ ఆనకట్ట లేస్తే అక్కడ తట్ట మోసిన జనం పాలమూరు లేబర్. వాళ్ళను స్టేషన్‌లో లాఠీతో పొడిచి లేపేవారు. ఇక్కడ మమ్మల్ని లేపినవాడు 'సార్' అన్నాడు, నేల తుడవాలి, కాళ్ళు ముడుచుకోమని సైగ చేశాడు. వాడి మొహం చూస్తే వాడూ ఏదో మేస్త్రీ వెంట వచ్చినవాడే అనిపించింది.

సాయంత్రం 4కు రెండో విమానం. బ్యాంకాక్‌లో కొత్త విమానాశ్రయానికి రాజుగారు పెట్టిన పేరు సువర్ణభూమి. 2006లో తెరిచారు. అచ్చమైన సంస్కృతం కదా, ఆ బోర్డు కింద ఫోటో దిగాలని నేను జుట్టు కూడా దువ్వుకున్నా. మేం దిగింది డాన్ మువాంగ్‌లో. అది 1914 నాటిది. చవక విమానాలు చాలావరకు అక్కడికే పోతాయట.

"సువర్ణభూమి యాడరా?"

"అది పైసలున్నోళ్ళకు బావా."

ఆ రాత్రి హోటల్‌లో మేస్త్రీ లెక్క రాశాడు. ఇద్దరికీ కలిపి మిగిలింది 6,000. సంచి బరువుకు 2,600. టికెట్ కొన్నందుకు 'సౌకర్య రుసుము' 900, అంటే మా డబ్బు వాళ్ళు తీసుకోవడానికి మాకు కలిగిన సౌకర్యం. కౌలాలంపూర్‌లో రొట్టెలు అయిపోయాక తిండికి 1,500. నీళ్ళు, కాఫీలు, చిల్లర 860. నికరంగా మిగిలింది 140. నా వాటా 70 అక్కడికక్కడే చేతిలో పెట్టాడు. మేస్త్రీ అంటే అట్లా ఉండాలి. తొక్కు సీసాను మాత్రం లెక్కలో వేయలేదు.

వారం తర్వాత ఇల్లు చేరితే అవ్వ వాకిట్లో కూచుని ఉంది. ఎట్ల పోయినవు, ఎట్ల వచ్చినవు అని అడిగింది. రాత్రంతా కూచున్నది, మూట మోసింది, నేల మీద పండింది, రొట్టె తిని నీళ్ళు తాగింది, ఎనిమిది గంటలు ఎదురుచూసింది, అన్నీ చెప్పాను. ఓపికగా విన్నది. వీపు మీద సంచి దించమంది. చేత్తో ఎత్తి చూసి ఏడు కిలోలకు ఎక్కువే ఉందన్నది. ఆమె చెయ్యి కాంటా కంటే నయం.

తర్వాత అడిగింది:

"గింత కష్టం చేసినవు గద బిడ్డా, కూలి ఎంతిచ్చిండ్రు?"

డెబ్బై రూపాయలని చెప్పాను.