చురక: పొగ పెట్టువారును వారే!

కోఠీ బస్టాండు ప్రక్కనున్న పాన్‌డబ్బాలో వ్రేలాడు ప్రతి సిగరెట్టు పెట్టెమీదను, పొగాకు ప్రాణాంతకమని నూటికి 85 పాళ్ల మేర బొమ్మతోసహా అచ్చొత్తించు సర్కారువారే, 1976లో పొగాకు బోర్డును నెలకొల్పి, గుంటూరు కేంద్రముగా ఆ పంటను నేటికిని కంటికి రెప్పవలె కాచుచుండుట ఎంతటి సమదృష్టి! 2022 డిసెంబరులో మాండూస్ తుపాను ఆంధ్రదేశపు పొగాకు చేలను ముంచినప్పుడు, బోర్డు సంక్షేమనిధినుండి రైతు కొక్కింటికి 10,000 రూపాయలు వడ్డీలేని ఋణముగా ఇప్పించిన ఢిల్లీవారి ఔదార్యమును ఆక్షేపింప మనసొప్పదు. వడ్డీ లేకున్నను ఋణము ఋణమే గనుక, కౌలుకును బ్యారన్ కట్టెలకును అప్పుపడిన రైతు దానినిగూడ తీర్చుకొనవలసినవాడే. అయినను, వాణిజ్యశాఖ పెంచిన ఆకుపై ఆర్థికశాఖ పన్ను పిండుకొనగా, ఆరోగ్యశాఖ హితోపదేశము చేయగా, ఆ ఉపదేశమును పెడచెవిని పెట్టినవానిని, నాంపల్లి చేరువనే, రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి చేరదీయుచున్నది. రైతునకు ఋణము, వర్తకునకు లాభము, ఖజానాకు పన్ను, పొగత్రాగువానికి ఉచితముగా ఒక బొమ్మ: పంపకములో ఎవ్వరికిని అన్యాయము జరిగినదన వీలులేదు!