టక్కు పాయింటు

అనంతపురంలో కొత్త సైకిలెక్కి రోడ్డు మీదికి వస్తే జనం అడిగేవి రెండే. ఎంత పడింది? ఏ పార్టీ? 1983 ఎన్నికలప్పటి నుంచి మన దగ్గర సైకిలు వట్టి వాహనం కాదు. అందులోనూ ఎన్టీఆర్‌ను 1985, 1989, 1994లో వరసగా గెలిపించిన హిందూపురం, 2022లో శ్రీసత్యసాయి జిల్లాకు పోయేదాకా మా జిల్లాలోదే. అందుకని ఫ్రేము తెప్పించుకునేటప్పుడు పసుపు జోలికి పోకుండా నలుపు తీసుకున్నాను. అయినా పూర్తిగా తప్పించుకోలేకపోయాను. జూన్ నెల పడమటి గాలికి ఎదురు తొక్కుతూ ఆయాసపడుతుంటే, టీ అంగడి ముందు కూర్చున్న పెద్దాయన ఒకరు "సైకిలుకు ఫ్యాను గాలి గట్టిగా తగులుతాండాది" అని పక్కనున్న వాడికి చెప్పి తృప్తిగా బీడీ వెలిగించుకున్నాడు.

నలుపుకు దాని తిప్పలు దానికున్నాయి. మా వీధి పిల్లాడొకడు ఫ్రేమును వేలితో కొట్టి చూసి, "న్నా, డ్రిప్పు పైపులతో చేసినారా?" అన్నాడు. వాడి తప్పేం లేదు. ఈ జిల్లాలో చీనీ తోటకు పోయినా దానిమ్మ తోటకు పోయినా నేల మీద పాకేవి నల్ల పైపులే. వాళ్ల నాయన వచ్చి సైకిలును రెండు వేళ్లతో పైకెత్తి, కింద పెట్టి, మళ్లీ ఎత్తాడు. "దీంట్లో ఏమీ లేదే!" అన్నాడు. చెనిక్కాయలు తూకానికి అమ్మిన మనిషి. బరువు తక్కువైతే రేటు పెరుగుతుందనే లెక్క ఆయనకు ఏ యార్డులోనూ తగల్లేదు. పైగా స్టాండు లేదు, క్యారియరు లేదు, మడ్‌గార్డు లేదు, బెల్లు లేదు. "ఉండేవన్నీ పీకేసి ఎక్కువ తీసుకున్నారన్నమాట" అని తేల్చి వెళ్లిపోయాడు. కార్బన్ సైకిళ్ల వ్యాపారాన్ని ఇంత క్లుప్తంగా చెప్పినవాణ్ని నేను మళ్లీ చూడలేదు.

1986లో గ్రెగ్ లెమాండ్ టూర్ ద ఫ్రాన్స్ గెలిచింది కార్బన్ ఫ్రేము మీదనే. ఆ సరుకు మా పాతూరు దాకా రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది, అదీ స్టిక్కరు లేకుండా. పేరున్న కంపెనీ బండి అంటే లక్షల్లో మాట. పేరు లేనిదైతే ఫ్రేమూ ఫోర్కూ కలిపి పాతిక వేల లోపు. ఒకే అచ్చులో తీసి, ఎవరి స్టిక్కరు వాళ్లు అంటించుకునే రకం. కార్బన్ బట్టను జిగురుతో కలిపి అచ్చులో పొరలు పొరలుగా పరిచి, లోపల గాలితిత్తి ఉబ్బించి, వేడి పెట్టి గట్టిపరుస్తారు. పెట్టెలో "టీ700" అని రాసిన కాగితం కూడా వచ్చింది. అది పోగు రకం పేరు. నిజంగా ఆ పోగేనా కాదా తెలియాలంటే కోసి చూడాలి. కోస్తే సైకిలుండదు. కాగితాన్నే నమ్మాను.

కోయాల్సింది వేరే ఉంది. ఫోర్కు కాడ పొడవుగా వస్తుంది, మన ఎత్తుకు సరిపడా తెగ్గొట్టుకోవాలి. సన్న పళ్ల హాక్సా బ్లేడుతో, తడుపుతూ కోయాలి. లేదంటే కార్బన్ పొడి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడపాలంటే నీళ్లు కావాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లా, తక్కువ వానలో జైసల్మేరు తర్వాత దేశంలో మాదే అని బడిలో ఒకింత గర్వంగానే బట్టీ పట్టిన ఊరు. పైగా ఆ రోజు కొళాయి వచ్చే రోజు కాదు. మా అమ్మ ఒక గ్లాసు నీళ్లు కొలిచి ఇచ్చి, "పైపుకు స్నానం అయినాక ఆ నీళ్లు తులసికి పొయ్యి" అంది. కార్బన్ పొడి కలిసిన నీళ్లు తులసికి పనికిరావని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆ అమ్మే లేకపోతే బండి సగంలో ఆగేది. ఈ కాలపు ఫ్రేముల్లో గేరు తీగలు బయట కనపడకూడదు. ఒక బెజ్జంలో దూరి చీకట్లో ఎటు పోవాలో అటు పోయి, రెండో బెజ్జంలో తేలాలి. నా తీగ ప్రతిసారీ లోపలే ఎక్కడో సంసారం పెట్టేది. లంగా నాడాలు ఎక్కించడంలో ఆరు దశాబ్దాల అనుభవమున్న మనిషి కాసేపు చూసి, లేచి పోయి, ధర్మవరం పట్టు దారం ముక్క ఒకటి తెచ్చింది. "గాలితో లాగు" అంది. ఒక బెజ్జం దగ్గర దారం పట్టుకుని రెండో బెజ్జం దగ్గర వాక్యూమ్ క్లీనర్ పెడితే పట్టు దారం సర్రున వచ్చేసింది. దానికి తీగ కట్టి లాగడమే. పట్టుచీరల ఊరు పక్కనుంటే సైకిళ్లు బిగించే వాడికి ఇంత లాభమని ఎవరూ రాయరు.

పంక్చర్ల గురించి క్లుప్తంగా చెబుతాను, లేకపోతే ఇది పంక్చర్ల వ్యాసమైపోతుంది. ఇరవై ఐదు మిల్లీమీటర్ల టైరు, లోపల కారు టైరుకు మూడింతల గాలి, కింద పల్లేరు కాయలు, పక్కన సర్కారు కంప. పంక్చరు అంగట్లో పంపు మన దేశవాళీ సైకిలు వాల్వుకు సరిపోతుంది కానీ నా ట్యూబుకున్న సన్నపు ప్రెస్టా వాల్వుకు పట్టదు. ఇప్పుడు ఆ అంగట్లో నా ఇత్తడి అడాప్టరు ఒక మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఊళ్లో దాని అవసరమున్న గిరాకీ నేనొక్కణ్నే.

ఇక అసలు కథ, టక్కు.

కుడికాలు కిందికి తొక్కినప్పుడల్లా ఒక టక్కు. చదునైన రోడ్డు మీద ఉండదు. అనంతపురం నుంచి పెనుకొండ వైపు పోతే కంటికి కనపడదు కానీ నేల మెల్లగా లేస్తూ పోతుంది. అక్కడ మొదలవుతుంది. తొక్కడం ఆపితే ఆగుతుంది. సీటు మీంచి లేచి తొక్కితే ఇంకా పెరుగుతుంది, కాబట్టి సీటుది కాదు. ఇంతవరకూ తర్కం బాగానే నడిచింది. ఆ తర్వాత అందరూ కలిసి దాన్ని చంపేశారు. కార్బన్ గొట్టం బోలుగా, గట్టిగా ఉంటుంది. ముందు పుట్టిన చప్పుడు వెనక వినిపిస్తుంది, కింద పుట్టింది పైన వినిపిస్తుంది. కాబట్టి ఎవరు ఎక్కడ చెవి పెడితే వాళ్లకు అక్కడే దొరుకుతుంది.

పాతూరు మెకానిక్కుకు లూధియానా సైకిళ్లతో ముప్పై ఏళ్ల పరిచయం. ఆయన శాస్త్రంలో పెడలు దగ్గర టక్కుమంటే కాటర్ పిన్ను వదులైందని అర్థం, దానికి మందు సుత్తి. "పిన్ను యాడుందప్పా?" అని క్రాంకు చుట్టూ తడిమాడు. పిన్ను లేదు. బోల్టులే ఉన్నాయి, అవి కూడా అలెన్ కీ రకం. సుత్తి చేతిలోకి వచ్చాక ఏదో ఒకదాన్ని కొట్టకుండా పెట్టడం ఆయనకు కష్టమైంది. నేను సైకిలుకూ ఆయనకూ మధ్య నిలబడ్డాను.

బెంగళూరులో సాఫ్టువేరు చేసే మా బావమరిది ఫోనులోనే చెప్పాడు: "బీబీ బావా. ప్రెస్ ఫిట్ బీబీ. కళ్లు మూసుకుని మార్చెయ్." బీబీ అంటే బాటమ్ బ్రాకెట్. పెడళ్ల ఇరుసు తిరిగే దాని కప్పులను ఈ రకం ఫ్రేముల్లో మరలతో బిగించరు, 41 మిల్లీమీటర్ల బెజ్జంలోకి ఒత్తి కూర్చోబెడతారు. బెజ్జం వెంట్రుకవాసి గుండ్రం తప్పినా కప్పు కదిలి అరుస్తుంది. చవక ఫ్రేముల్లో అది మామూలే. కాబట్టి ప్రపంచమంతా మొదట బీబీనే అనుమానిస్తుంది. పాతది ఊడబీకి, బెజ్జం తుడిచి, బేరింగులు పట్టి ఉంచే జిగురు రాసి, కొత్తది ఒత్తాను. టక్కు అలాగే ఉంది. కొత్త బీబీతో ఇంకాస్త స్పష్టంగా వినిపించిందనిపించింది కూడా.

పెడళ్లు విప్పి గ్రీజు రాశాను. ఎడమ పెడలుకు మర ఎడమ వైపు తిరుగుతుంది, లేకపోతే తొక్కుతుంటే దానంతటదే ఊడిపోతుంది. సైకిళ్లలో ఈ ఏర్పాటును 1900 నాటి రైట్ సోదరుల ఖాతాలో వేస్తారు. వాళ్లు అప్పట్లో సైకిళ్ల వ్యాపారులు. నాలుగేళ్లు తిరక్కుండా విమానం ఎగరేశారు. సైకిలు వదిలి ఆకాశం వైపు ఎందుకు పోయారా అని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. టక్కు తగులుకున్నాక అర్థమైంది.

మా వీధి చివర రిటైరైన ఫిజిక్సు లెక్చరరు గారున్నారు. ఆయన వరండాలో కూర్చోబెట్టి కాగితం మీద లెక్క కట్టారు. అల్యూమినియం వేడికి వ్యాకోచిస్తుంది, కార్బన్ దాదాపు కదలదు. కాబట్టి కార్బన్ బెజ్జంలో కూర్చున్న అల్యూమినియం ముక్క పొద్దున చల్లగా ఉన్నప్పుడు వదులు, మధ్యాహ్నం బిగువు. "మిట్టమధ్యాహ్నం తొక్కి చూడండి, శబ్దం తగ్గాలి" అన్నారు. మే నెల. నలభై రెండు డిగ్రీలు. రోడ్డు మీద నేనూ, తారూ. ఆ ఎండలో గొర్రెలు కూడా కంపచెట్ల కిందికి చేరాయి. టక్కు మాత్రం నాతోనే వచ్చింది. తిరిగొచ్చి చెబితే లెక్చరరు గారు కాగితం మళ్లీ చూసుకుని, "సిద్ధాంతంలో లోపం లేదు" అన్నారు. లోపం లేని మాట నిజమే. శబ్దం ఆ పేజీ చదవలేదు.

నార్పల దగ్గర పల్లెలో మాకు మామ వరసయ్యే ఒకాయన బోరు పాయింట్లు చూస్తాడు. అరచేతిలో పీచు తీసిన టెంకాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడు, అది నిలువుగా లేచిన చోట గుంజ పాతమంటాడు. వెయ్యి అడుగులు దాటినా దుమ్ము తప్ప రాని నేల ఇది. అయినా బోరు బండి పిలిచే ముందు పాయింటు చూపించని రైతు ఉండడు. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు టెంకాయను ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. కానీ కనపడకుండా లోపలెక్కడో ఉన్నదాన్ని పైనుంచి పట్టుకోవడమే నా అవస్థ కూడా అయినప్పుడు, ఆ విద్యలో జీవితం గడిపిన మనిషిని అడక్కపోవడం అహంకారమనిపించింది.

మామ టెంకాయ తీయలేదు. ముందు ధర అడిగాడు. ఆయనకు డబ్బంతా బోరు అడుగుల్లోనే అర్థమవుతుంది. అడుగు వంద రూపాయల చొప్పున ఫ్రేము రెండు వందల యాభై అడుగులు తేలింది. "రెండో పొరలో నీళ్లు పడేటివి కదరా" అని విచారించాడు. తర్వాత ఎక్కడెక్కడ వెతికానో అడిగాడు. బీబీ, పెడళ్లు, క్రాంకు, చైను, అన్నీ చెప్పాను.

"అందరూ ఆడనే తవ్వినారా?"

"ఆడనే మామా."

"అందరూ తవ్విన చోట ఇంకేముంటాదల్లుడా. ఒక పని చెయ్. చేతులొదిలి తొక్కు."

కళ్లం పక్కన కాస్త ఎత్తుకు పోయే మట్టి బాట ఉంది. హ్యాండిలు వదిలేసి తొక్కాను. పల్లె పిల్లలు ఈలలు వేశారు. టక్కు లేదు. హ్యాండిలు పట్టుకున్నాను, టక్కు. వదిలాను, లేదు.

చెప్పుకుంటే చిన్న విషయం. ఎత్తు ఎక్కేటప్పుడు కుడికాలు తొక్కుతుంటే కుడిచేయి హ్యాండిలును పైకి లాగుతుంది. చప్పుడు కాలికి తాళం వేస్తుంది కానీ పుట్టేది చేతి దగ్గర. ఫోర్కు ఫ్రేములోకి దూరే చోట కింద ఒక బేరింగు ఉంటుంది, ముందు చక్రం లేపే దుమ్మంతా నేరుగా దాని మొహానే పడుతుంది. విప్పి చూస్తే చుట్టూ ఎర్రమన్ను గట్టిపడి ఉంది. పైగా బేరింగు కూర్చునే గూడు చవక అచ్చులో సరిగ్గా తీరలేదు, ఒక పక్క సన్నని బుడిపె. నున్నటి కాగితంతో దాన్ని సర్ది, మన్ను తుడిచి, గ్రీజు నిండుగా పెట్టాను. మామ పక్కనే గొంతుక్కూర్చుని ఆమోదించాడు. ఎడ్లబండి ఇరుసుకు కందెన పూసి పెరిగిన మనిషి.

విప్పినవి బిగిస్తూ, హ్యాండిలు పట్టే చోట నేను వేరే ట్యూబు తీశాను. కార్బన్‌ను పట్టుకునే బిగింపుల దగ్గర కందెన పెడితే జారుతుంది. ఎక్కువ బిగిస్తే కార్బన్ పగులుతుంది, 5 న్యూటన్ మీటర్లు దాటకూడదు. అందుకని సన్నటి పలుకులు కలిపిన ముద్ద పూస్తారు, తక్కువ బిగువుతోనే పట్టు దొరుకుతుంది. మామ వేలికి రాసుకుని రుద్ది చూశాడు.

"ఇసక!"

"ఇసకలాంటిదే మామా."

"కందెనలో ఇసక కలిపి అమ్ముతాండారా? ఎంత?"

"ఏడొందలు."

"ఏడడుగులు!" లేచి నిలబడ్డాడు. "చిత్రావతిలో కావాల్సినంత ఉండాది. ఒక లారీ తోలించి పట్నంలో అంగడి పెట్టుకో పో."

ఫీజు తీసుకోనన్నాడు, బంధువులం కాబట్టి. దానికి బదులు పాయింటు ఎలా పట్టిందీ ఊరంతా చెప్పుకున్నాడు. చెప్పేటప్పుడు టెంకాయ కూడా కథలోకి వచ్చి చేరిందని తర్వాత విన్నాను. పెనుకొండ వైపు ఎత్తు ఇప్పుడు నిశ్శబ్దంగానే ఎక్కుతున్నాను, రొప్పు తప్ప.

కొన్నాళ్లకు మామ ఫోను చేశాడు. బోరులోంచి మోటారు పైకి లాగుతున్నారట. నల్ల పైపును పట్టుకునే క్లాంపు జారుతోందట, ఎక్కువ బిగిస్తే పైపు నొక్కుకుపోతోందట. నేను మరిచి వచ్చిన ట్యూబు గుర్తొచ్చి, క్లాంపు లోపల పూశాడు.

"పట్టిందా మామా?"

"ఉడుం పట్టినట్టు పట్టింది. అయిపోయింది గానీ, ఇంకో ఏడడుగులు తెప్పించు."