ఐసీ మీద రెండు గీతలు

మలేషియాలోని క్లాంగ్‌లో చుట్టాల కాండోకి భోజనానికి వెళ్లినా ముందు గేటు దగ్గర గార్డుకి ఐసీ, అంటే గుర్తింపు కార్డు, చూపించాలి. ఆయన దగ్గర ఓ పొడుగాటి పుస్తకం ఉంటుంది. అందులో పేరు, కారు నంబరు, హ్యాండ్‌ఫోన్ నంబరు, ఐసీ నంబరు రాయాలి. వెనకాల వచ్చినవాడు తన పేరు రాసుకుంటూ ముందు వచ్చినవాళ్ల వివరాలన్నీ తీరిగ్గా చదువుకోవచ్చు. కావాలంటే గార్డు పెన్ను కూడా ఇస్తాడు.

మలేషియా ఐసీ నంబరుకి 12 అంకెలు. మొదటి ఆరూ పుట్టిన సంవత్సరం, నెల, రోజు. తర్వాతి రెండూ పుట్టిన రాష్ట్రం, సెలంగోర్‌కి 10. చివరి అంకె బేసి అయితే మగ, సరి అయితే ఆడ. వయసు నలభై దగ్గర ఆపేసుకున్న పిన్నిగార్లకి ఈ దేశంలో దాక్కునే చోటు లేదు.

క్లాంగ్‌లో లిటిల్ ఇండియా అంటే జలాన్ తెంగ్కు కెలానా అనే వీధి. దానికి కాస్త దూరంలో ఓ తెలుగు పెద్దాయన ఉంటాడు. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి తోటల్లో పనికి వచ్చారు. ఈయన పోర్టు దగ్గర గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. బ్యాంకు పాస్‌వర్డు విషయంలో మహా గట్టి మనిషి. అది కొట్టేటప్పుడు పెద్దావిడ కాఫీ తెచ్చినా సరే, అరచెయ్యి అడ్డం పెట్టి "కాసేపు అటు తిరుగు" అంటాడు. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి గోడకేసి చూస్తూ నిలబడుతుంది. ఇంతకీ అంత రహస్యమైన పాస్‌వర్డు ఏమిటంటే, మనవరాలి ముద్దుపేరు, దాని పక్కన తన పుట్టినతేదీ. ముద్దుపేరు పుట్టినరోజు కేకు మీద క్రీముతో రాసి ఫేస్‌బుక్‌లో ఉంది. పుట్టినతేదీ ఊళ్లో ఉన్న గార్డు పుస్తకాలన్నింట్లో ఉంది. తెలియనిదల్లా పెద్దావిడకే.

బ్యాంకు మాత్రం ఊరుకుంటుందా? పెద్దక్షరం ఉండాలంది, చిహ్నం ఉండాలంది, మూడు నెలలకోసారి మార్చాలంది. పెద్దాయన మొదటి అక్షరం పెద్దది చేసి, చివర ఒకటి, ఆపైన ఆశ్చర్యార్థకం పెట్టాడు. మళ్లీ మార్చమంటే ఒకటిని రెండు చేశాడు, తర్వాత మూడు. ప్రపంచమంతా ఇదే చేసింది, దొంగలకీ ఆ సంగతి తెలుసు. ఈ నియమాలకి మూలం 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో బిల్ బర్ అనే ఉద్యోగి రాసిన పత్రం. 2017లో ఆయనే, రిటైరయ్యాక, అలా రాసినందుకు చింతిస్తున్నానని పత్రికకి చెప్పాడు. ఆ ఏడే సంస్థ కూడా ఊరికే గడువు పెట్టి మార్పించొద్దని సలహా మార్చుకుంది. ఈ కబురు కొన్ని ఆఫీసులకి ఇంకా ఓడలో వస్తున్నట్టుంది.

అసలు పాస్‌వర్డుకి బారసాల నాటి నుంచే దొంగల బెడద. 1960ల మొదట్లో ఎంఐటీలో ఫెర్నాండో కార్బాటో బృందం ఒకే కంప్యూటర్‌ని పదిమంది వాడుకునే పద్ధతి తెచ్చి, ఎవరి ఫైళ్లు వాళ్లకే ఉండాలని పాస్‌వర్డు పెట్టింది. 1962లో అలన్ షెర్ అనే విద్యార్థి, తనకిచ్చిన టైము చాలక, పాస్‌వర్డుల ఫైలు మొత్తం ప్రింటు తీసేసుకున్నాడు. తాళం పగలగొట్టింది దొంగ కాదు, పీహెచ్‌డీ కుర్రాడు.

పెద్దాయన డైరీ సంగతి చెప్పాలి. నగల షాపువాళ్లు దీపావళికిచ్చిన డైరీలో పాస్‌వర్డులన్నీ తెలుగు లిపిలో రాసుకున్నాడు. ఇంట్లో కొడుకూ కోడలూ తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. కాబట్టి డైరీ టీవీ పక్కనే పడి ఉన్నా ఏళ్ల తరబడి ఎవరికీ ఒక్క ముక్క అంతుపట్టలేదు. ఇంతలో మనవరాలిని తెలుగు తరగతులకి పంపారు. 1955 నుంచి ఉన్న మలేషియా తెలుగు సంఘం భాష నిలవాలని ఇలాంటి తరగతులు నడుపుతుంది. పిల్ల గుణింతాలు దాటేదాకా ఫరవాలేదు. ఒత్తులు రాగానే ఓ సాయంత్రం డైరీ తీసి, హాల్లో అందరి ముందూ, గొంతెత్తి చదివింది. భాష నిలిచింది, గుప్తలిపి కూలింది.

అంతా నవ్వారు గానీ డైరీలో రాసుకోవడం నామోషీ ఏమీ కాదు. భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నయర్ 2005లోనే, గట్టి పాస్‌వర్డు పెట్టుకుని కాయితం మీద రాసి పర్సులో దాచుకోమన్నాడు. ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్న దొంగ క్లాంగ్‌లో బీరువా తెరవలేడు. ఒకే పాస్‌వర్డుని పది చోట్ల వాడితేనే చిక్కు. ఒక చోట పోతే పదీ పోయినట్టే.

పోవడానికి మన ప్రమేయం కూడా అక్కర్లేదు. 2017 అక్టోబరులో మలేషియాలో 4 కోట్ల 62 లక్షల మొబైల్ నంబర్ల వివరాలు బయటపడ్డాయి, పేర్లతో, చిరునామాలతో, ఐసీ నంబర్లతో సహా. అప్పటికి దేశ జనాభా సుమారు 3 కోట్ల 20 లక్షలు. పుట్టబోయేవాళ్లని కూడా వదల్లేదా అనిపిస్తుంది. వ్యక్తిగత సమాచార రక్షణకి 2010లో చేసిన చట్టం ఉంది, అమల్లోకి 2013 నవంబరులో వచ్చింది. అయితే అది ప్రభుత్వానికి వర్తించదు. 2024 జనవరిలో ప్రభుత్వం పౌరుల వివరాలకి పాదు అనే వేదిక తెరిచింది. ఐసీ నంబరు ఒక్కటి తెలిస్తే ఎదుటివాడి పాస్‌వర్డు మార్చెయ్యొచ్చని జనం వెంటనే పసిగట్టారు. అధికారులు ఆ లోపం సరిచేశారు.

పెద్దాయన తరానికి ఓ మంచి అలవాటుంది. ఐసీ ఫోటోస్టాటు ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే దాని మీద ఏటవాలుగా రెండు గీతలు గీసి, వాటి మధ్య 'ఫలానా పనికి మాత్రమే' అని మలాయ్‌లో రాసిస్తారు. ఈయన స్కేలు పెట్టి మరీ గీస్తాడు. అదే ఐసీని ఫోటో తీసి ఇళ్ల ఏజెంటుకీ, టూర్ల కుర్రాడికీ వాట్సాప్‌లో పంపేటప్పుడు గీతల ఊసే ఉండదు. స్కేలు ఫోను మీద ఆనదు కాబోలు.

వాట్సాప్‌లో శుభలేఖ వస్తే తెరవకుండా ఉండటం తెలుగువాడి వల్ల కాదు. ఎవరి పెళ్లో తెలియకపోతే మరీ తెరుస్తాడు. మోసగాళ్లు ఇది కనిపెట్టి శుభలేఖ పేరుతో ఏపీకే అనే యాప్ ఫైళ్లు పంపుతున్నారని ఇక్కడా, ఇండియాలోనూ పోలీసులు హెచ్చరించారు. అది ఫోన్లోకి ఎక్కితే బ్యాంకు నుంచి వచ్చే ఎస్సెమ్మెస్‌లు చదివి టాక్ అనే ఓటీపీ నంబరు వాళ్లకి చేరవేస్తుంది. ఇలాంటి మోసాల వల్లే 2022లో ఇక్కడి కేంద్ర బ్యాంకు, బ్యాంక్ నెగారా, ఎస్సెమ్మెస్ ఓటీపీలు మానెయ్యమని బ్యాంకులకి చెప్పింది. ఆ ఏడే మోసపోయినవాళ్లకి 997 నంబరు వచ్చింది. పెద్దాయన ఆ నంబరు కూడా డైరీలో తెలుగు అంకెల్లో రాసుకున్నాడు. కంగారులో ౯ ఏదో ౭ ఏదో గుర్తొస్తుందా అన్నది పెద్దావిడ సందేహం.

ఇన్ని జాగ్రత్తలెందుకని పెద్దాయన మేనల్లుడు మాత్రం "బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి చూడు మామా, ఎవరికీ తెలీదు" అన్నాడు. ఆ భ్రమ మీదే అమెరికాలో 2020లో గూగుల్ మీద దావా పడింది. 2024లో రాజీకొచ్చి, అలా పోగైన సమాచారం చెరిపేస్తామని కంపెనీ ఒప్పుకుంది. ఆ కిటికీ దాచేది ఇంట్లోవాళ్ల నుంచే, వెబ్‌సైట్ల నుంచి కాదు.

చివరికి కొత్త పాస్‌వర్డు బాధ్యత మనవరాలే తీసుకుంది. ఒకదానికొకటి పొంతన లేని నాలుగు మాటలు కలిపితే పొడుగూ అవుతుంది, గుర్తూ ఉంటుంది అంది. పెద్దాయన ఓ వేమన పద్యం పాదం పెడదామన్నాడు.

"పుస్తకంలో ఉన్నది దొంగ కూడా చదివుంటాడు తాతా."

గోంగూర, స్టీమరు, గొడుగు, తాసిల్దారు అని తేలింది. కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. పన్నెండు అక్షరాలు దాటకూడదని, చివర చిహ్నం లేదని సైటు ఎర్రగా చూపించింది. తాసిల్దారునీ గొడుగునీ స్టీమరునీ దించేశారు. ఆశ్చర్యార్థకం మాత్రం పెద్దాయన స్వయంగా కొట్టాడు, అరచెయ్యి అడ్డం పెట్టుకుని.