హద్దులు తప్ప అన్నీ కావలెను

మన దగ్గర ఊరికి చరిత్ర ఉన్నా లేకున్నా చరిత్ర సంఘం మాత్రం ఉంటుంది. లేకపోతే దసరాలోపు పుడుతుంది. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, ఒక విలేకరి, ఒక ఫ్లెక్సీల దుకాణం యజమాని కూర్చుంటే కోరం నిండినట్టే. గౌరవాధ్యక్ష పదవి వెంచర్లు వేసే అన్నకు పోతుంది, షామియానా, భోజనాలు ఆయనవి కాబట్టి. నేను చెప్పబోయే పట్టణం పేరు అడక్కండి. చెప్పకపోయినా పది ఊళ్లవాళ్లు భుజాలు తడుముకుంటారు.

సంఘం తొలి సమావేశంలోనే ఊరి ప్రాచీనత తేలిపోయింది. గుట్ట మీది గుహలో పాండవులు తలదాచుకున్నారు. పక్కనున్న గుండంలో సీతమ్మ స్నానం చేసింది. రుద్రమదేవి తన గుర్రానికి ఈ చెరువులోనే నీళ్లు తాగించింది. శాతవాహనులు ఈ దారినే వెళ్లారు. ఎటు వెళ్లారో, ఎందుకు వెళ్లారో సావనీరులో వస్తుంది. అన్నింటికీ ఆధారం ఒక్కటే: మా తాత చెప్పాడు. తెలుగునాట పాండవులు బస చేసిన గుట్టలన్నీ లెక్కపెడితే, వాళ్లకు కురుక్షేత్రం దాకా వెళ్లే తీరిక ఎప్పుడు దొరికిందా అని అనుమానం వస్తుంది.

తాతలు చెప్పింది రాసుకోవడం తప్పని కాదు. రెండు వందల ఏళ్ల కిందట కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల కృషి అలాంటిదే. ఊరూరా కరణాలను పట్టుకుని, పాత కవిలెలు విప్పించి, ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయత్తులు పోగుచేశారు. వాటిలోనూ దేవతలు, మునులు కనిపిస్తారు. వాళ్ల వెనకాలే చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరికిచ్చారు అన్న సంగతులూ వస్తాయి. మన సంఘాలు మునుల దగ్గర చదవడం మొదలుపెట్టి, మాన్యాల దగ్గరికి రాగానే పుస్తకం మూసేస్తాయి.

చరిత్ర పరిశోధకుడు కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూశాక ఆయన పేరు పెట్టుకున్న హైదరాబాదు లక్ష్మణరాయ పరిశోధక మండలి, 1935లో ‘తెలంగాణ శాసనములు’ అచ్చువేసింది. శాసనాల పుస్తకంలో శాసనాలే వేయడం ఆ కాలంవాళ్ల అమాయకత్వం. ఇప్పటి సావనీరు విప్పితే మొదట మంత్రిగారి సందేశం, తర్వాత కార్యవర్గం ఫొటోలు, ఆ తర్వాత నగల దుకాణం ప్రకటన. చరిత్ర వెనక అట్ట లోపలి పేజీలో ఉంటుంది, ప్రకటన దొరక్కపోతే.

ఇక అసలు కథ. శివాలయం వెనక ఒక రాతి పలక ఉంది. ఒక తరం దాని మీద బట్టలుతికింది. ఇంకో తరం పసుపు కుంకుమ పెట్టింది. ఈ తరం నీలం ఎనామిల్ పూసి, ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని రాసింది. ఆ రాయి మీద ఊరివాళ్లు చదవగలిగిన వాక్యం అదొక్కటే. దాన్నీ ఎవరూ పాటించలేదు.

జిల్లా కేంద్రం నుంచి శాసనాలు చదివే సారును పిలిపించారు. ఆయన ఓపిగ్గా రంగు వదిలించి, రాయి కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దాడు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు తేలాయి.

“సారు, రాజు పేరేమన్న దొరికిందా?”

“దొరికింది. కాకతి గణపతిదేవుడు.”

చప్పట్లు మోగాయి.

“యుద్ధమేమన్న ఉందా?”

“లేదు. గుళ్లో అఖండదీపానికి నెయ్యి కోసం ఒకావిడ 50 గొర్రెలు ఇచ్చింది.”

చప్పట్లు ఆగిపోయాయి. ద్రాక్షారామం భీమేశ్వరాలయం రాళ్ల మీద ఇలాంటి దీపాల లెక్కలు బోలెడు. చరిత్రంటే కత్తులే అనుకునేవాడికి అవి పశువుల సంత చిట్టాలా కనిపిస్తాయి. తెలుగు రాళ్లతో వచ్చిన చిక్కే ఇది. గెలుపు కంటే లెక్క ఎక్కువ చెబుతాయి. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రాంతంలోని మల్కాపురంలో రుద్రమదేవి కాలపు 1261 శాసనం, ఊరి రాబడిలోంచి ఆసుపత్రికీ ప్రసూతిశాలకూ వాటా రాసిపెట్టింది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్ల పని అని బిల్లు కూడా అందులోనే చెక్కారు. మంచి చెరువుకు 12 లక్షణాలు, చెడగొట్టే దోషాలు 6 అని చెప్పారు. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం ఆ దోషాల్లో ఒకటి. కృష్ణా నీళ్ల పంచాయితీకి ఢిల్లీ వెళ్లేవాళ్లు దారిలో చదువుకోవచ్చు. చెరువులో లేఅవుటు వేయడం మాత్రం ఆ జాబితాలో లేదు. ఎంత పండితుడైనా అన్నీ ఊహించలేడు కదా.

మన రాతి మీద గండం చివరి పంక్తుల్లో ఉంది. గుడికి ధారపోసిన చెరువు కింది భూమికి హద్దులు చెప్పారు. తూర్పున పెద్ద గుండు, దక్షిణాన తూము కాలువ, పడమర మత్తడి, ఉత్తరాన జంట చింతలు. చింతలు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. గుండు మాత్రం అక్కడే ఉంది. దాని మీద ‘ప్లాట్లు అమ్మబడును’ అని, కింద గౌరవాధ్యక్షులవారి ఫోను నంబరు ఉంది.

విలేకరి కెమెరా దించాడు. హెడ్మాస్టరు కళ్లజోడు తుడుచుకున్నాడు. గౌరవాధ్యక్షుడు మెల్లగా అడిగాడు.

“సారు, ఆ పంక్తులు అరిగిపోయినట్టున్నయి గదా?”

“లేదన్నా. అవే నికరంగా ఉన్నయి.”

ఆ కింద దానశాసనాల్లో మామూలుగా ఉండే శాపం. తానిచ్చినదైనా పరులిచ్చినదైనా, దానమిచ్చిన భూమిని కాజేసినవాడు 60 వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడు. అది చదివేసరికి షామియానా కింద సగం కుర్చీలు ఖాళీ.

ఊరి చరిత్ర కావాలని మనం గొంతు చించుకునేది నిజమే. పాండవులు పట్టా అడగరు, సీతమ్మ సర్వేకు రాదు కాబట్టి వాళ్ల చరిత్ర ఎంతైనా కావాలి. శిఖం ఎంత, కాలువ ఎటు, మాన్యం ఎవరిది అని నోరు విప్పే చరిత్రతోనే పేచీ. రాయిని పగలగొట్టేవాడు గుప్తనిధి కోసమే పగలగొడతాడని పోలీసులు అనుకుంటారు. దాని మీది హద్దులే నిధి అని తెలిసినవాడు సంఘంలో సభ్యుడిగా చేరతాడు.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టి తీర్మానాలు చేశారు. రాయిని భద్రత నిమిత్తం గౌరవాధ్యక్షుల ఫాంహౌసుకు తరలించాలి. సావనీరులో రాజు పేరు వరకే అచ్చువేసి, మిగిలింది స్థలాభావం వల్ల ఆపామని రాయాలి. రాయి ఉన్నచోట కార్యవర్గం పేర్లతో నల్ల గ్రానైటు ఫలకం పెట్టాలి. సారుకు శాలువా కప్పి, ఆ నకలు కాగితం తీసుకోవాలి.

సారు శాలువా కప్పించుకున్నాడు. నకలు ఇవ్వలేదు. అప్పటికే దాన్ని సర్కారు బడి గోడకు అంటించాడు. ఏడో తరగతి పిల్లలు వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ హద్దులు నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. నలుగురైతే గుండు దాకా నడిచి సరిచూసుకొచ్చారు కూడా.

ఇది విని కోశాధికారికి శాపం గుర్తొచ్చి చెమటలు పట్టాయి. సంఘం న్యాయ సలహాదారు ఆయన భుజం తట్టాడు. “పురుగు జన్మ వచ్చే జన్మ సంగతి. రిజిస్ట్రేషన్లు ఈ శుక్రవారమే.”